మైల ఈక

అవతల ఫోన్ తీసింది ఆడగొంతు. నేనెవరో చెప్పకుండానే అడిగేశాను.

"మైల ఉందాండీ?"

"ఉందండి. ఇంకా ఐదు రోజులు."

"ఐదు రోజులేనా?"

"అంతే కదండీ. అయ్యాక రండి, ఏం పర్లేదు."

"అయ్యాక వస్తే ఇంకేం ఉంటుందమ్మా. రేపొద్దున్నే బయల్దేరతాను."

 "మీకు పట్టింపు లేదంటే రండి," అని ఆ అమ్మాయి పెట్టేసింది.

పట్టింపు అనే మాట దగ్గర నా మనసు ఒక్క క్షణం ఆగింది. ఆగి, ముందుకెళ్లిపోయింది. ఈ పద్నాలుగు నెలల్లో నేను గమనించింది ఇదే. వినవలసినవి నా చెవిదాకా వస్తాయి, గుమ్మంలో నిలబడతాయి, నేను లేచి తలుపు తీయను.

నేను అడిగింది కోడి గురించి. నందివాడ చలపతిరావుగారు పందెం కోళ్లు పెంచుతారు. రంగును బట్టి వాటికి పేర్లు. ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ. బూడిదలో ఎరుపు కలిసినట్టుండేది మైల. నాకు ఆ బూడిద ఈక కావాలి. ఐదు రోజుల్లో పుంజుని ఎవరో కొనుక్కుని పోతారు కాబోలు, ఈలోగానే వెళ్లాలి అనుకున్నాను.

నేను ఈగలు కడతాను. ఈ మాట చెబితే బందరులో ఇప్పటికీ నవ్వుతారు. నా భార్య సరోజినీ నేనూ మొదట రోల్డ్‌గోల్డ్ పనిలో రాళ్లు పొదిగేవాళ్లం. ఇరవై మూడేళ్ల కిందట చెన్నైలోని ఒక ఎగుమతి కంపెనీవాళ్లు సన్నపని చేసే చేతులు వెతుక్కుంటూ వచ్చి, పదిమందికి ఈ పని నేర్పారు. ఎక్కడో చలిదేశాల్లో, కొండవాగుల్లో, ట్రౌట్ అనే చేప ఉంటుంది. నీటిమీద వాలిన పురుగుల్ని తింటుంది. అక్కడివాళ్లు దానికోసం వానపాముని గుచ్చరు. దారంతో, ఈకతో ఈగలాగా కట్టిన గేలాన్ని నీటిమీద వాలుస్తారు. అది మునగకూడదు, పొడిగా పైనే నిలబడాలి. అందుకని దాన్ని డ్రై ఫ్లై అంటారు.

"బందరులో ఎండుచేపలు అమ్మేవాళ్లున్నారు, ఎండురొయ్యలు అమ్మేవాళ్లున్నారు," అనేది సరోజిని. "ఎండుఈగలు మనవే."

ఆమెది కోడూరు. పొలంపనుల ఇల్లే, వాళ్లన్నయ్య మాత్రం సముద్రం మీద వేటకెళ్తాడు. వచ్చినప్పుడల్లా నా బల్లమీదికి వంగి చూసి, "సముద్రమంతా వల తిప్పినా మా చేప రావట్లేదు బావా. మీ చేప ఈకముక్క చూసి వచ్చేస్తుందా? దానికి మతిలేదు," అనేవాడు. నిజానికి మాలో ఎవరూ ట్రౌట్‌ని చూడలేదు. చల్లగా పారే నీళ్లు కూడా చూడలేదు. మేము చూసిన నీళ్లన్నీ బురదగా, నెమ్మదిగా, సముద్రంలో కలిసేముందు అలిసిపోయినట్టుండే నీళ్లు.

పదిమందిలో తొమ్మిదిమంది మానేశారు. మేము మిగిలాం. కట్టేది నేను, ఈక ఎంచేది ఆమె. అంతా నా పనే అనుకునేవాణ్ణి. ఈకలు ఎంచడం బియ్యంలో రాళ్లు ఏరడంలాంటిది, ఎవరైనా చేస్తారు అనుకునేవాణ్ణి. ఆమె పుంజు మెడ ఈక ఒకటి తీసి, వంచి, దాని పోగులు విచ్చుకున్నాక కింది పెదవికి ఆనించుకునేది. కళ్లు మూసుకునేది. అది గుచ్చుకుంటే కుడివైపు పెట్టేది, గుచ్చుకోకపోతే ఎడమవైపు పెట్టేది. కుడివైపువి పోగు పొడవుని బట్టి సండేస్కూల్ పాఠాల పుస్తకంలో పేజీకి ఒక సైజు చొప్పున దాచేది. నేను చెయ్యి చాపితే ఈక వచ్చేది. ఇరవై రెండేళ్లు అలా వచ్చింది.

ఆమె పోయాక నేనే ఎంచిన ఈకలతో మూడుసార్లు సరుకు పంపాను. మూడుసార్లూ తిరిగొచ్చింది. శనివారం కంపెనీనుంచి అభినవ్ ఫోన్ చేశాడు. మంచి కుర్రాడు, నన్ను బాధపెట్టడం ఇష్టంలేక తనే దగ్గుతాడు.

"అంకుల్, మునిగిపోతున్నాయి. గ్లాసులో వేస్తే అర నిమిషం ఉండట్లేదు."

"తెలుసు నాన్నా."

"ఒక డజను బూడిదరంగువి పంపండి. శుక్రవారానికి చేరాలి. నిలబడితే నేను మాట్లాడతాను. లేకపోతే ఇక... వేరేవాళ్లకి ఇచ్చేస్తారు అంకుల్."

తిండికి నాకు లోటు లేదు. ముందుగది అద్దె నా ఒక్కడికి సరిపోతుంది. పిల్లల్లేరు. నా భయం వేరు. బల్లకి ఎడమవైపు ఆమె స్టూలు ఉంది. ఇంట్లో మిగతాచోట్ల ఆమె లేదు, అంతే. ఆ స్టూలు మీద మాత్రం, లేకపోవడానికి ఒక స్థలం ఉంది. దాని పక్కన కూర్చుని పనిచేస్తున్నంతసేపు నేను ఎవరి ఎదురుగానో తప్పు చేస్తున్న మనిషిని. పని ఆగిపోతే స్టూలు ఉత్త స్టూలైపోతుంది. పన్నెండు ఈగలు నిలబడితే అది అలాగే ఉంటుంది. నాకు కావలసింది అంతే.

సోమవారం ఏడింటి బస్సుకి బయల్దేరాను. పెడన, గుడ్లవల్లేరు దాటాక రెండువైపులా పొలాలు. వరి వెన్ను తీసి, గింజ పాలు పోసుకునే రోజులు. పక్కనున్నాయన గట్టుపక్కనున్న కంకిని కిటికీలోంచి చూపించి, "ఇప్పుడు వాన పడకూడదండీ. గింజలో ఇంకా పాలే ఉన్నాయి, తాలుపోతుంది," అన్నాడు. నేను తలూపాను. ఆ మాట కూడా గుమ్మందాకా వచ్చింది. నేను లేవలేదు.

గుడివాడలో దిగి నందివాడ ఆటో ఎక్కాను.

చలపతిరావుగారు వసారాలో చాప మీద కూర్చుని ఉన్నారు. గడ్డం పెరిగింది. చొక్కా లేదు. నన్ను చూసి ఎవరో గుర్తుపట్టడానికి టైం పట్టింది.

"ఎవరూ?"

"విల్సన్నండీ. బందరు. ఈకల విల్సన్."

"ఓహో. రా. లోపలికి రాకు, మైల."

అప్పటికిగాని నాకు కనపడలేదు. ఆయన వెనక, గోడకి, ఆయన భార్య రావమ్మగారి ఫొటో. కింద దీపం. పోయినసారి వచ్చినప్పుడు ఆవిడ మాకిద్దరికీ గ్లాసుల్లో మజ్జిగ ఇచ్చి, సరోజినిని దొడ్లోకి తీసుకెళ్లింది.

నేను మెట్టుమీద నిలబడిపోయాను. ఆ మాట మా నాన్నకి ఇంకోలా తెలుసు. ఇలాంటి ఇళ్ల గేటు బయట నిలబడి ఆయన ఆ మాట విన్నప్పుడు, మైల ఆయనే. ఇప్పుడు ఇంటాయనే తనని ముట్టుకోవద్దంటున్నాడు. నాకు జాలి వేసింది. ఆ జాలి అడుగున ఎక్కడో ఇంకేదో కూడా ఉంది. దాన్ని నేను తవ్వలేదు.

ఆయన కోడలు బిందు గడప దగ్గరికి వచ్చింది. "నిన్న ఫోన్ చేసింది మీరేనా? అప్పుడే అనుకున్నాను, ఎవరో గానీ భలే కంగారు మనిషని. మైల పోయాక వస్తే ఏముంటుందన్నారు."

"కోడి గురించి అడిగానమ్మా," అన్నాను.

ఆమెకి అర్థంకాలేదు. చలపతిరావుగారికి అర్థమైంది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత ఆయన నవ్వు పైకి వచ్చింది, దగ్గులాగా, ఆగకుండా.

"మైల ఉందా అని అడిగావా? దానికి ఇది, ఉందండి ఇంకా ఐదు రోజులు అందా? ఐదు రోజుల్లో అమ్మేస్తాననుకున్నావా?"

"అవునండీ."

"రావమ్మ వింటే చచ్చేదిరా నవ్వలేక," అన్నారు. అన్నాక నవ్వు అక్కడే ఆగిపోయింది. బిందు లోపలికి వెళ్లిపోయింది.

కాసేపటికి ఆయనే లేచారు. "అదీ ఉందిలే. పద."

దొడ్లో మైల పుంజు గంప కింద కాకుండా బయటే, గోడవారగా నిలబడి ఉంది. మెడ దగ్గర ఈకలు పలచబడి చర్మం కనిపిస్తోంది. కింద నేలమీద రాలిన ఈకలు.

"దీన్ని ఆవిడే చూసేది. రాగులు చేత్తో పెట్టేది. ఆవిడ పోయిన దగ్గర్నుంచి గింజ ముట్టట్లేదు. ఈకలు కూడా రాల్చేసుకుంటోంది. బెంగ, విల్సన్."

"అవునండీ, బెంగే," అన్నాను. నమ్మాను కూడా. ఒక పక్షికి కూడా అలా జరుగుతుందనేసరికి నాకు ఊరటగా అనిపించింది.

"కొయ్యడం కుదరదు. పదకొండోరోజు దాకా ఇంట్లో కత్తి ముట్టం. నీకు కావలసినన్ని పీక్కో. మామూలుగా అయితే ఈ రోజుల్లో మా ఇంట్లోంచి ఎవరూ ఏదీ పట్టుకెళ్లరు. నీకు పట్టింపు లేదుగా."

"లేదండీ."

ఆయన చతికిలబడి పుంజుని ఒళ్లో పెట్టుకుని రెక్కలు అదిమిపట్టారు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఒక్కో ఈగకి రెండు ఈకలు, పన్నెండింటికి ఇరవై నాలుగు. రాలినవి అరిగిపోయి ఉన్నాయి. అందుకని మెడమీద కొత్తగా మెరుస్తున్న ఈకలే ఎంచుకున్నాను. తేలిగ్గా వచ్చాయి. ఎంత తేలిగ్గా అంటే, ఒకచోట నా వేళ్లు వాటంతటవే ఆగాయి. పుంజు అరవలేదు. కన్ను మూసి తెరిచింది, అంతే.

"సరోజిని పోయి ఎన్నాళ్లు?" అన్నారాయన.

"పద్నాలుగు నెలలండి."

"మీకు మైల ఎన్నాళ్లు?"

"మాకు లేదండీ."

"అసలే లేదా?"

"ఆదరణ కూడిక పెడతారు. పాస్టరుగారు వచ్చి వాక్యం చెప్తారు. భోజనాలు. అంతేనండి."

"మరి ఎప్పుడు అయిపోయినట్టు?"

నేను ఈకలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను.

"మాకు శుక్రవారం స్నానం చేయిస్తారు," అన్నారాయన. "ఇల్లంతా కడుగుతారు. అయిపోయిందంటారు. శనివారంనుంచి నేను చొక్కా వేసుకుని చేపల చెరువుల దగ్గరికి పోవాలి. కార్తీక్ అంటున్నాడు, నాన్నా నువ్వు కూర్చుంటే ఇంకా దిగజారిపోతావని. వాడు చెప్పింది కరెక్టే. కానీ నాలుగు రోజుల్లో ఏం అయిపోతుందిరా?" పుంజు వీపు నిమిరారు. "నీదే నయమేమో. ఎవరూ అయిపోయిందని చెప్పరు."

"నయం కాదండీ," అన్నాను.

ఆయన నా మొహం చూశారు. పుంజుని నేలమీదికి దించారు.

మంగళవారం పొద్దున్న బల్ల దగ్గర కూర్చున్నాను. గేలాన్ని బల్లకున్న చిన్న బిగింపు పట్టులో, వైస్‌లో, బిగించాను. దారానికి మైనం పట్టించి, గేలానికి దారం దూర్చే కన్ను దగ్గర మొదలుపెట్టి వంపుదాకా చుట్టుకుంటూ వెళ్లాను. తోకకి నాలుగు బిరుసు పోగులు, గేలం పొడవంత. ఒంటికి బూడిదరంగు ఉన్నిని దారానికి నలిపి, వెనక సన్నగా ముందు కొంచెం లావుగా చుట్టాను. ఈ పని నా చేతులకి నిద్రలో కూడా వచ్చు. చేతులమీదే నాకు అనుమానం ఉండేది. అరవై దగ్గరపడుతున్నాయి, వణుకు వచ్చిందేమో, నాకు తెలియకుండా దాచుకుంటున్నానేమో అని. వణకలేదు.

ఇక ఈక. కాడని కన్ను వెనక కట్టి, కొసని క్లిప్పుతో పట్టుకుని, నిలువుగా చుట్టాలి. ఒంటి వెనక మూడు చుట్లు, ముందు మూడు. చుట్టినకొద్దీ పోగులు చుట్టూ ముళ్లలా విచ్చుకుంటాయి. ఆ ముళ్లమీదే ఈగ నీటిపై నిలబడుతుంది. అదే మొత్తం విద్య. చుట్టేముందు సరోజినిలాగే ఈకని పెదవికి ఆనించుకున్నాను. ఏమీ తెలియలేదు. నా పెదవి మీద నా పెదవే ఉంది. ఎప్పుడూ ఇంతే కదా అని చుట్టేశాను. ముడులు వేసి, చుక్క వార్నిష్ పెట్టి ఆరనిచ్చాను. చూడ్డానికి చక్కగా ఉంది. గాజుగ్లాసులో నీళ్లు పోసి జానెడు పైనుంచి వదిలాను.

నిలబడింది. పది అంకెలు లెక్కపెట్టాను. పోగులు ఒక్కొక్కటే వంగాయి, కాళ్లు మడుచుకుంటున్నట్టు. పక్కకి ఒరిగింది. కిందికి దిగిపోయింది.

రెండోది కట్టాను. మూడోది. ఆరోదాకా కట్టాను. అన్నీ గ్లాసు అడుగున చేరాయి.

మిగిలిన ఈకల్లో ఒకటి తీసి కిటికీ దగ్గర వెలుతురులో చూశాను. కాడ మొదట్లో లేత గులాబీరంగు. గోరుతో నొక్కితే తడి తగిలింది. అప్పుడు గుమ్మంలో నిలబడ్డవన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. బస్సులో ఆయన చూపించిన కంకి. దాని వెనకే సరోజిని గొంతు. చాలా ఏళ్ల కిందట, ఇదే నెలలో, నేను నందివాడ వెళ్దామంటే, "ఇప్పుడు కాదు, ఈక పాలు పోసుకుంటోంది," అంది. పొలంలో పుట్టిన మనిషి, అన్నిటికీ ఆ మాటలే. ప్రతి ఏడాదీ వరి పాలు పోసుకునే రోజుల్లోనే పుంజులు పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటాయి. గట్టిపడటానికి మాఘం దాకా పడుతుంది. మేము ఎప్పుడూ మాఘంలోనే వెళ్లేవాళ్లం. ఎందుకని నేను అడగలేదు. సంచి పట్టుకుని వెంట నడిచేవాణ్ణి.

బెంగ కాదు. ఆ పుంజు ప్రతి ఏడాదీ చేసే పనే చేస్తోంది. రావమ్మగారికి తెలుసు. సరోజినికి తెలుసు. తెలిసిన ఇద్దరూ లేరు. ఏమీ తెలియని మేమిద్దరం ఒక కోడి ఎదురుగా కూర్చుని దానికి మా దుఃఖం అంటగట్టి, దాని లేత ఈకలు పీకాం.

సండేస్కూల్ పుస్తకం ఆమె పోయాక తెరవలేదు. తీశాను. పేజీలన్నీ ఖాళీ, ఈకల గుర్తులు మాత్రం సన్నగా పడి ఉన్నాయి. నోవహు ఓడ పాఠం దగ్గర ఐదు బూడిద ఈకలు ఉన్నాయి. ఒకటి తీసి వంచి పెదవికి ఆనించుకున్నాను.

గుచ్చుకుంది.

అంత స్పష్టంగా ఉంటుందని నాకు తెలియదు. కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి నా పెదవికి ఆనించమని అడిగి ఉంటే సరిపోయేది. ఆమె నవ్వి ఆనించేది. ఇంత చిన్న విషయం. మనం మనుషుల్ని పోగొట్టుకోవడం వాళ్లు బతికుండగానే మొదలుపెడతాం కాబోలు, రోజుకో అడగని ప్రశ్న చొప్పున.

దానికి ఇంకొకటి జతచేసి ఒక ఈగ కట్టాను. కొత్త గ్లాసులో వదిలాను. పోగుల కొసలమీద, తోకమీద నిలబడింది. నీటికి ఒళ్లు తగలలేదు. లేచి భోజనం చేసి వచ్చాను. నిలబడే ఉంది. నా చేతులకి ఏ జబ్బూ లేదు. అది తెలిశాక నాకు ఇంకేమీ మిగల్లేదు. జబ్బయితే మందుండేది.

అభినవ్‌కి ఫోన్ చేశాను.

"ఒకటి నిలబడింది నాన్నా. ఇంకొకటి కట్టగలను. రెండు పంపనా?"

దగ్గాడు. "రెండు ఏం చేసుకుంటాం అంకుల్. డజను కావాలి కదా. ఇంకో వారం అడగనా?"

"వారంలో అవదు. మాఘందాకా అవదు."

"మాఘమంటే?"

"ఫిబ్రవరి."

"అంతవరకు ఉంచరు అంకుల్."

"తెలుసు. వేరేవాళ్లకి ఇచ్చేయమను."

అతను సారీ అన్నాడు. నేను పర్లేదన్నాను. వైస్ విప్పి పాతగుడ్డలో చుట్టాను. స్టూలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అద్దెకున్నవాళ్లు అడిగితే ఇస్తానేమో. అడగకపోతే అక్కడే ఉంటుంది. అది కూర్చునే వస్తువు, అంతే.

శుక్రవారం మధ్యాహ్నం చలపతిరావుగారు ఫోన్ చేశారు.

"విల్సన్, మైల పోయింది."

"ఏ మైలండీ?"

అవతల ఊపిరి వినపడింది. "రెండూ. పొద్దున్న స్నానాలయ్యాయి. వచ్చి చూస్తే గోడవారన పడి ఉంది. అప్పటికీ నిన్న బిందు పిండి కలిపి నోట్లో పెట్టింది. మింగలేదు."

 బెంగ కాదని మంగళవారంనుంచి నాకు తెలుసు. ఇప్పుడు ఏది తెలుసో తెలియలేదు.

"మెడ తోలు తీయించి ఉప్పు రాసి ఉంచాను," అన్నారాయన. "మొత్తం మెడ. నీకు పనికొస్తుందిగా?"

ఆ ఈకలు ఎందుకూ పనికిరావు. ఏ కాలంలోనూ గట్టిపడవు ఇక.

"వస్తుందండీ," అన్నాను.

"ఎప్పుడొస్తావు?"

"ఐదు రోజుల్లోనండీ." నోటికి వచ్చిన అంకె అదొక్కటే.

"ఐదు రోజులు. సరే," అన్నారు. ఆయన గొంతులో కొంచెం స్థిమితం వచ్చింది. పెట్టేశారు.

బల్లమీద గ్లాసు అలాగే ఉంది. మంగళవారంనుంచి నీళ్లు గోరంత తగ్గాయి. ఈగ కూడా నీళ్లతోపాటే కిందికి వెళ్లింది, నిలబడే.